లెక్కల క్లాసుకు మా తక్కెడ

ఆళ్లగడ్డలో బస్టాండుకు పోయే దారిలో నేనూ మా ఆయనా చాలా ఏళ్లు కూరగాయలు అమ్మాము. ఆయన పోయి, నా మోకాళ్లు కూడా మాట వినడం మానేశాక అంగడి ఎత్తేశాను. గంపలు అడిగినవాళ్లకు ఇచ్చేశాను. తక్కెడ ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చినా తీసుకునేవాళ్లు లేరనుకోండి, ఇప్పుడు అందరి దగ్గరా కరెంటు తూకాలే కదా. వంటింటి వాకిలి పక్కన మేకుకు తగిలించి, ఒక పళ్లెంలో ఎర్రగడ్డలు, ఇంకో పళ్లెంలో తెల్లగడ్డలు పెట్టుకునేదాన్ని. ఎర్రగడ్డలదే ఎప్పుడూ బరువు కాబట్టి, బతుకంతా సరిగ్గా నిలబడిన ఆ తక్కెడ మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఒరిగే ఉండేది.

తూకంలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు తెచ్చింది నా చెయ్యి. ముల్లు మధ్యకు వచ్చి కదలకుండా నిలబడినా సరే, నా చెయ్యి ఊరుకునేది కాదు. రెండు పచ్చిమిరపకాయలో, ఒక చిన్న టమోటానో, ఇంత కరివేపాకో కొసరు వేస్తే గానీ సంచిలో పోసేదాన్ని కాదు. అది చూస్తే మా ఆయనకు ఒళ్లు మండేది.

"ఇంగ తూకమేసేది ఎందుకు? గంప ఎత్తి వాళ్ల సంచిలో కుమ్మరించు, సరిపోతాది" అనేవాడు.

"నువ్వు తూకం చూసుకో. కొసరు సంగతి నాకిడిచిపెట్టు" అనేదాన్ని.

అంగడి పోయినా చేతికి ఆ అలవాటు పోలేదు. కొడుకు రెండు దోసెలు చాలంటే మూడోది కంచంలో పడుతుంది. గ్లాసుతో బియ్యం కొలిచి, పైన గుప్పెడు వేస్తాను. వేసిన సంగతి నాకే తెలియదు. కోడలు వచ్చిన కొత్తలో ఒక రోజు పక్కన నిలబడి చూసి, "అత్తా, నువ్వు కొలిస్తే ఆ గ్లాసుకే సిగ్గయితాది" అని నవ్వింది.

నేను చెప్పాలనుకున్నది ఈ కోడలి సంగతే.

ఆమెది ఆత్మకూరు. లెక్కల్లో డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక బీఈడీ చేసింది. చివరి పరీక్షలు కడుపుతో ఉండి రాసింది. నేను మూడో తరగతి దాటలేదు కాబట్టి ఆమె చదివినదేమిటో నాకు తెలియదు. కానీ లెక్క చేసేటప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉంటుందో మాత్రం తెలుసు. పెనం మీద రొట్టె పొంగుతుంటే చూస్తామే, అట్లాంటి సంతోషం. పాపకు స్నానం చేయిస్తూ కూడా చేతి వేళ్లూ కాలి వేళ్లూ లెక్కపెట్టి, రెండూ సమానమని చెప్పేది. ఎనిమిది నెలల పిల్ల కూడా అర్థమైనట్టే చూసేది.

ఇంట్లో అంత చక్కగా మాట్లాడే పిల్ల, ఉద్యోగం కోసం బడులకు పోతే మాత్రం నోరు పెగిలేది కాదు. ప్రైవేటు బడుల్లో ఉద్యోగం ఇచ్చే ముందు డెమో అడుగుతారు. డెమో అంటే, వాళ్లు చూస్తుండగా వాళ్ల పిల్లలకే ఒక పాఠం చెప్పి చూపించాలి. రెండు బడుల్లో చెప్పింది. రెండు చోట్లా ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు సర్టిఫికెట్ల కవరు బీరువా మీదికి విసిరి, పాపను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"నంద్యాలలో ఇంగొక బడి ఉండాదత్తా. ఏడో తరగతికి సమీకరణాలు చెప్పి చూపియ్యాలంట. అది గూడా కాకపోతే ఆ కవరు మల్లా కిందికి దించను. నన్ను ఎవురూ అడగగూడదు."

ఏడుస్తూ చెప్పి ఉంటే నేనేదో ఓదార్చేదాన్ని. ఏడవలేదు. సామాన్లు సర్దేవాళ్ల లాగా చెప్పింది. అందుకే నాకు భయమేసింది.

మరుసటి రోజు మా ఇంట్లో స్త్రీల కూడిక. ప్రార్థన అయ్యాక అందరూ వెంటనే లేచి పోరు. నా ముందు చేటలో బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఉంటే తలా ఒక దోసెడు లాక్కుని ఒలుస్తూ కూర్చుంటారు. ఆ రోజు నాకొక ఆలోచన వచ్చింది. ఇంతమంది ఊరికే కూర్చున్నారు కదా, వీళ్లకే పాఠం చెప్పమని కోడలిని లాక్కొచ్చాను. గోడకు మా కొడుకు చిన్నప్పటి పలక ఆనించి రాసింది.

"ఎక్స్ ప్లస్ మూడు ఈక్వల్ టు ఎనిమిది. ఇప్పుడు ఈ మూడును అటు పక్కకు పంపిస్తాము. పంపిస్తే ప్లస్ మూడు కాస్తా మైనస్ మూడు అయితాది."

మా ఎదురింటి వదిన బుడ్డ ఒలవడం ఆపింది. ఆమె ఆపిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

"ఎందుకయితాది?"

"ఈక్వల్ గుర్తు దాటింది కదా పెద్దమ్మా. దాటితే గుర్తు మారతాది. అది రూలు."

"దాటితే మారిపోతాదా? నేను శిరివెళ్లలో గడప దాటి ఈడికొచ్చి ఎన్నేండ్లాయె. నేనేమన్నా మారినానా?"

"నువ్వు మారలేదులే వదినా. మా అన్ననే మైనస్ చేసినావ్" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. వదిన నా వీపు మీద ఒకటి వేసి, మళ్లీ పలక వైపు తిరిగింది.

"సరే, అది ఇడిచిపెట్టు. ఆ ఎక్స్ ఎవురు?"

"ఎవురో తెలీదు పెద్దమ్మా. కనుక్కోవాల."

"ఎవురో తెలీనోని గురించి ఇంతసేపు మాట్లాడతాండావా? యాడుంటాడో గూడా తెలీదా?"

కోడలు కూడా నవ్వింది. అందరూ వెళ్లిపోయాక మాత్రం పలక తుడుస్తూ నాతో నెమ్మదిగా చెప్పింది. "ఆ బడుల్లో పిల్లోళ్లు గూడా ఇట్లే చూసినారత్తా. పెద్దమ్మ లాగా అడిగేకి వాళ్లకు భయం. అడగకుండా రాసుకున్నారు, అంతే. నాకేమో ఇంగెట్ల చెప్పాలో తెలీదు. రూలు చెప్పినాక నా నోరు మూతపడతాది."

నాకు తెలిస్తే చెప్పనా? ప్లస్సు మైనస్సు అవడం నాకూ వింతగానే ఉంది. ప్రార్థన చేసుకోమ్మా అన్నాను. ఆ మాటకు ఆమె నన్ను చూసిన చూపు మీకు చూపించలేను.

దారి చూపించింది మా పాప. ఆ సాయంత్రం ఎత్తుకుని వంటింట్లోకి పోతుంటే, చెయ్యి చాచి తక్కెడ గొలుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఎర్రగడ్డలు ఒక దిక్కు, తెల్లగడ్డలు ఒక దిక్కు దొర్లిపోయాయి. ఖాళీ పళ్లేలు రెండూ కాసేపు పైకీ కిందికీ ఊగి, ఊగి, సమానంగా నిలబడ్డాయి. పాప తాను చేసిన ఘనకార్యానికి చప్పట్లు కొడుతోంది. ఎర్రగడ్డలు ఏరుకుందామని నేను వంగబోయాను.

"అత్తా, ఆగు. ఏమీ ఎయ్యొద్దు. అట్లే ఉండనీ."

చూస్తే కోడలు వాకిట్లో నిలబడి ఉంది. చేతిలో చీపురు. ఆ చీపురు అక్కడే పడేసి వచ్చి, ఒక్కో పళ్లెంలో ఒక్కో ఎర్రగడ్డ పెట్టింది. తక్కెడ ఒరిగింది. ఇంకోటి మార్చింది. మళ్లీ ఒరిగింది.

"ఏం చేస్తాండావమ్మా?"

"అన్నీ ఒకే బరువుండేటివి కావాలత్తా. ఒకే అచ్చులో పోసినట్ల ఉండాల."

వీధి చివర అంగట్లో బుడ్డల చిక్కీలు అమ్ముతారు. చిన్నవి, కాగితం చుట్టి ఉంటాయి, అన్నీ ఒకటే కొలత. అవి తెచ్చింది. నా పాత రవిక గుడ్డతో కుట్టిన పలుచని సంచి ఒకటి ఉంటే అందులో కొన్ని చిక్కీలు వేసి మూతి కట్టి, ఒక పళ్లెంలో పెట్టింది. సంచి పక్కన మూడు చిక్కీలు. అవతలి పళ్లెంలో ఎనిమిది. ముల్లు నిలబడింది.

"ఈ సంచే ఎక్స్ అత్తా. లోపల ఎన్ని ఉండాయో విప్పకుండా కనుక్కోవాల. ఇప్పుడు ఇటుపక్క మూడు తీస్తా. చూడు, ఒరిగిపోయింది. మరి నిలబడాలంటే?"

"అటుపక్క గూడా మూడు తియ్యి."

"అంతే కదా! గీత దాటేది లేదు, మారేది లేదు. రెండు పక్కలా ఒకే పని చేస్తాండాం. ముల్లు కదలగూడదు, అంతే!"

అవతలి పళ్లెంలో ఐదు మిగిలాయి. సంచి విప్పితే ఐదు. ఆమె ముఖంలో రొట్టె పొంగింది.

ఎదురింటి వదినను పిలిపించి చూపించాము. మొదటి నుంచి చివరి దాకా కన్నార్పకుండా చూసి, "ఇంతేనా? దీనికా ఆ మైనస్సూ గియినస్సూ అని నన్ను బెదిరిచ్చినావ్?" అని, లెక్కలోని చిక్కీ ఒకటి నోట్లో వేసుకుని పోయింది.

నంద్యాలకు పోయే రోజు పొద్దున ఇంట్లో ఒకటే హడావిడి. పాప పాలు మానలేదు కాబట్టి పాపా రావాలి, పాపను పట్టుకోవడానికి నేనూ రావాలి. కొడుకు లారీ మీద పోయి ఇంకా రాలేదు. కోడలు చీర కట్టుకుని, బస్సెక్కే ముందు పాపకు పాలిస్తూ గదిలో నుంచి కేక వేసింది.

"అత్తా, సంచిలో చిక్కీలు ఎయ్యి. ఐదు. మిగతాటివి డబ్బాలో పెట్టు. బేగా రా, బస్సు పోతాది!"

డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని పైకే లెక్కపెట్టి సంచిలో వేసి, మూతి బిగించి కట్టాను. తక్కెడ గొలుసులు చిక్కుపడకుండా పాత తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకున్నాను.

బస్సులో పళ్లేలు తువ్వాల దాటి తొంగి చూస్తూనే ఉన్నాయి. కండక్టరు టిక్కెట్టు కొడుతూ ఆగి చూశాడు.

"ఏందవ్వా, నంద్యాలలో అంగడి పెడతాండావా?"

"అవునప్పా."

"ఏమమ్ముతావ్?"

"లెక్కలు."

అతను నన్నూ, కోడలినీ, పాపనూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా ముందుకు పోయాడు. అప్పటిదాకా పుస్తకం పట్టుకుని పెదాలు కదుపుతున్న కోడలు ఆ మాటకు పుస్తకం మూసేసి నవ్వింది. శిరివెళ్ల దాటేదాకా నవ్వుతూనే ఉంది. మంచిదే అనుకున్నాను. నవ్విన నోరు తొందరగా మూతపడదు కదా.

బడి పెద్దది. నేల అద్దంలా ఉంది. చెప్పులు బయట విడవాలో వద్దో తెలియక చేత పట్టుకుని లోపలికి పోయాను. పెద్ద మేడం కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి. కోపంగా ఉన్నారని చెప్పలేను, నవ్వుతున్నారనీ చెప్పలేను. తువ్వాల మూటను చూశారు గానీ అదేమిటని అడగలేదు. ఏడో తరగతి గదికి తీసుకుపోయి, వెనక బెంచీలో కూర్చుని పెన్ను తీశారు. నేను పాపతో వాకిలి బయట నిలబడ్డాను.

లోపల కోడలు మూట విప్పి, తక్కెడ పట్టుకుని నాలుగు గోడలూ చూసింది. మేకు లేదు. టీవీ లాంటి పెద్ద బోర్డు ఉంది, పక్కన తెల్ల బోర్డు ఉంది, అద్దాల కిటికీలు ఉన్నాయి. మేకు మాత్రం ఒక్కటీ లేదు. మా వంటింటి గోడకు ఉన్నన్ని మేకులు ఆ బడి మొత్తంలో లేవు.

"దాన్ని ఎవరు పట్టుకుంటారు?" అని పెద్ద మేడం వెనక నుంచి అడిగారు.

కోడలు వాకిలి వైపు చూసింది. ఇంకేం చేస్తాను? అక్కడున్న ఆయమ్మకు పాపను ఇచ్చి, చెప్పులు గోడ పక్కన పెట్టి లోపలికి పోయాను. పిల్లలంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ అన్నారు. నాకు జవాబు రాక, "కూర్చోండి నాయనా, కూర్చోండి" అన్నాను. గదంతా కిలకిలమంది.

తక్కెడ చేతికి రాగానే నా చెయ్యి నాదే అయింది. ఎన్నేళ్లయినా ఆ పట్టు మరిచిపోదు. కోడలు బోర్డు మీద ఎక్స్ ప్లస్ మూడు, ఈక్వల్, ఎనిమిది అని రాసింది. సంచి చూపించి ఇదే ఎక్స్ అంది. ఒక పళ్లెంలో సంచీ, మూడు చిక్కీలూ పెట్టింది. అవతలి పళ్లెంలో ఎనిమిది లెక్కపెట్టి పెట్టింది. గొంతు బాగుంది, వణకడం లేదు.

"రెండు పక్కలూ సమానం. అవునా?"

"కాదు మిస్!"

చూద్దును కదా, సంచి ఉన్న పళ్లెం కిందికి దిగి కూర్చుంది. నా చెయ్యే వంకరపోయిందేమోనని సరిచేసుకున్నాను. దిగే ఉంది. ఊపిరి బిగబట్టి చూశాను. దిగే ఉంది. కోడలు చిక్కీలు మళ్లీ లెక్కపెట్టింది. ఇటు మూడూ ఉన్నాయి, అటు ఎనిమిదీ ఉన్నాయి. వెనక బెంచీలో పెన్ను కదిలింది. కోడలి నోరు తెరుచుకుని, మాట రాక, మూతపడింది. ఆ రెండు బడుల్లో ఏం జరిగిందో నేను చూడలేదు గానీ, ఇట్లాగే జరిగి ఉంటుందని అప్పుడు తెలిసింది. బీరువా మీది కవరు కళ్ల ముందు కదిలింది.

అప్పుడు నాకు తట్టింది. పొద్దున ఐదు లెక్కపెట్టింది నా నోరు. ఆరోది వేసింది నా చెయ్యి.

గది నిండా పిల్లలు, వెనక పెద్ద మేడం. నోరు విప్పి చెప్పలేను. కోడలు నా వైపు చూసింది. ఖాళీగా ఉన్న చేతిని కొంచెం ఎత్తి, వేళ్ల కొసలతో పళ్లెంలో ఏదో జారవిడిచినట్టు చూపించాను. మిరపకాయలు కొసరు వేసేటప్పుడు ఎట్లా వేస్తానో అట్లా.

ఆమె ఒక్క క్షణం అర్థం కాక చూసింది. తర్వాత పెదవి చివర కదిలింది. బోర్డు దగ్గరికి పోయి, అరచేత్తో ఎనిమిదిని తుడిచేసింది.

"ఎనిమిదని నేను రాసినా. తక్కెడ కాదంటాది. ఎవరి మాట వినాల?"

"తక్కెడ మాట!"

ముందు బెంచీలో రెండు జడల పిల్ల ఒకతె లేచింది. "మిస్, సంచిలో ఎన్ని ఉండాయో మీకు తెలుసా?"

"పొద్దున తెలుసనుకున్నా. ఇప్పుడు నాకు గూడా తెలీదు."

ఆ మాటతో గది మారిపోయింది. అప్పటిదాకా వెనక్కి ఆనుకుని ఉన్న పిల్లలు ముందుకు వంగారు. వెనక కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. టీచరుకే తెలియని సంగతి తమ ముందు వేలాడుతోందంటే పిల్లలు ఊరుకుంటారా?

"మిస్, అటు ఇంగొకటి ఎయ్యండి!"

వేసింది. పళ్లేలు ఊగాయి. అందరి తలలూ వాటితో పాటే ఊగాయి. ముల్లు మధ్యకు వచ్చి నిలబడింది. బోర్డు మీద ఎనిమిది చెరిపిన చోట తొమ్మిది రాసింది.

"ఇప్పుడు సంచి ఒక్కటే మిగలాల. ఏం చేద్దాం?"

"ఆ మూడూ తీసెయ్యండి మిస్" అని కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాడు అన్నాడు.

చెప్పినట్టే మూడూ తీసేసింది. తొమ్మిది చిక్కీల పళ్లెం దబ్బున కిందికి దిగి, సంచి గాల్లోకి లేచింది. పిల్లలంతా వాణ్ని చూసి "ఓ" అని అరిచారు.

"ఒక పక్కే తీస్తే తక్కెడ ఊరుకుంటుందా మరి?" అంది కోడలు.

"అటు గూడా మూడు తియ్యాల! రెండు పక్కలా ఒకటే తియ్యాల!" రెండు జడల పిల్ల మూడు చిక్కీలు తీయడానికి తానే పరుగెత్తుకొచ్చింది. ముల్లు నిలబడింది. ఇంక ఎవరూ చెప్పనక్కరలేదు. గదంతా "ఆరు! ఎక్స్ ఆరు!" అని ఒకటే కేకలు.

"తక్కెడ ఆరంటాది. నిజమో కాదో చూద్దాం" అని కోడలు సంచి ఆ పిల్ల చేతికిచ్చింది. ముడి నేను వేసింది కదా, అంత తొందరగా రాదు. ఆ పిల్ల పళ్లతో విప్పింది. బల్ల మీద ఒక్కొక్కటే పెడుతుంటే అందరూ కలిసి లెక్కపెట్టారు. ఐదు దగ్గర కోడలు కళ్లు మూసుకోవడం నేను చూశాను. ఆరోది బయటికొచ్చింది. నేను చాలా క్రిస్మస్సులు చూశాను గానీ అంత సందడి ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత పిల్లలే ఒకరి తర్వాత ఒకరు వచ్చి, సంచిలో రహస్యంగా చిక్కీలు వేసి, మిగతావాళ్లను కనుక్కోమన్నారు. గంట కొట్టినా పోలేదు. కోడలు బోర్డు మీద తీసివేతలు రాస్తూనే ఉంది, నా చెయ్యి గుంజుతూనే ఉంది. చివరికి చిక్కీలు అయిపోయాయి కాబట్టి ఆట ఆగింది. ఎట్లా అయిపోయాయో అడగకండి. ప్రతి లెక్క తర్వాతా ఎవరి బుగ్గో ఒకటి ఉబ్బి ఉండేది.

పెద్ద మేడం మమ్మల్ని తన గదికి పిలిచారు. ఆయమ్మ దగ్గర నుంచి పాపను తీసుకుని నేనూ పోయాను. కూర్చోమన్నారు. పెన్ను మూత పెట్టారు.

"ఒక్క మాట అడుగుతాను. బోర్డు మీద మీరు ముందు ఎనిమిది రాశారు. సంచిలో ఐదు ఉన్నాయనే కదా? ఆరు ఉండటం మీరు కావాలని చేసిందా?"

కావాలనే చేశానని చెప్పమ్మా, తెలివైనదని మెచ్చుకుంటారు అని మనసులో అనుకుంటూ కోడలి మోచేయి మెల్లగా పొడిచాను. ఆమె చెయ్యి పక్కకు తీసుకుంది.

"లేదు మేడం. ఐదే ఉండాయనుకున్నా. పొద్దున మా అత్త నింపింది. ఏండ్ల తరబడి కూరగాయలు అమ్మిన చెయ్యి, ఆమెకు తెలీకుండానే కొసరేసింది. తక్కెడ చెప్పేదాకా నాకూ తెలీదు."

పెద్ద మేడం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నన్ను చూశారు. నేను పాప వెనక దాక్కుందామని చూశాను గానీ, పాప చిన్నది, నేను పెద్ద మనిషిని.

ఇంతలో ఆమె నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చిన్నగా మొదలై ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నారు. "ఈ పాఠం ఎంతమంది చెప్తుంటే విన్నానో. టీచరుకు ఎక్స్ ఎంతో ముందే తెలుసు, ఆ సంగతి పిల్లలకూ తెలుసు. అందుకే ఎవరికీ పట్టదు. ఎక్స్ ఎంతో తెలియక టీచరు కూడా పిల్లలతో కలిసి వెతకడం ఇవాళే చూశాను. సోమవారం నుంచి వచ్చేయండి."

కోడలు థాంక్యూ చెప్పడం మరిచిపోయి, "ఏ క్లాసుకు మేడం?" అంది.

"ఆరు, ఏడు. తక్కెడ కూడా తెచ్చుకోండి. మేకు కొట్టిస్తాను."

లేచి వస్తుంటే నాకు ఏదో లోటుగా అనిపించింది. ఎవరింటికైనా పోయి ఊరికే ఎట్లా వస్తాము? దారిలో తినడానికని కొంగు ముడిలో దాచుకున్న చిక్కీలు ఉన్నాయి. ముడి విప్పి పెద్ద మేడం ముందు ఒకటి పెట్టాను. ఒకటి చాలన్నారు. రెండోది అప్పటికే బల్ల మీద ఉంది. నేను పెట్టానని చెప్పను. నా చెయ్యి పెట్టింది. ఆమెకు మళ్లీ నవ్వు వచ్చింది.

తిరుగు బస్సులో పాప నిద్రపోయింది. ఆళ్లగడ్డ దగ్గర పడేదాకా కోడలు కిటికీలో నుంచి బయటికి చూస్తూనే ఉంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నా మోచెయ్యి ఎందుకు పొడిచినావత్తా?" అంది.

"నిన్నెవురు పొడిచినారు? బస్సు కుదుపుకు తగిలింటాది."

"పెద్ద మేడం గదిలో బస్సు యాడుండాది?"

"నేనేమో భయపడి సస్తాంటే నువ్వు నా కొసరు సంగతంతా ఆమె ముందర పెడితివి. ఇంటి గుట్టు బయట పెట్టే కోడలివి నువ్వు" అన్నాను. ఆమె నా భుజం మీద తల వాల్చి నవ్వింది. పాప లేస్తుందని నోరు మూసుకుని నవ్వింది. ఇంటికి పోగానే బీరువా మీది కవరు కిందికి దించి దుమ్ము దులిపింది.

ఇప్పుడు మా తక్కెడ నంద్యాలలోనే ఉంటుంది, ఆ గది గోడకు. నా ఎర్రగడ్డలకు ప్లాస్టిక్ బుట్ట కొనిచ్చింది. నాకు అది నచ్చలేదు గానీ వాడుతున్నాను. ఏటా సమీకరణాల పాఠం వచ్చే ముందు సాయంత్రం, కోడలు ఖాళీ సంచులూ చిక్కీల డబ్బా తెచ్చి నా ముందు పెడుతుంది.

"ఎన్ని ఎయ్యమంటావ్?" అంటాను.

"నాకు చెప్పొద్దత్తా. నీకు తోచినన్ని ఎయ్యి" అని పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయి, వీధి వైపు తిరిగి నిలబడుతుంది. పాప మాత్రం అమ్మ భుజం మీది నుంచి నా చేతినే చూస్తుంటుంది.